పసుపుమొన నత్త ఏ నీటిది

మా పిన్ని క్రిసాంతా కళ్ళకి గుడ్డ కట్టి చేతిలో నత్త పెడితే, అది ఏ వాగుదో చెప్పేది. ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఊళ్ళో ఇదొక పందెంలా సాగేది. మగవాళ్ళు సావడి అరుగు మీద చేరి, నాలుగు వాగుల నత్తలు ఒక బొచ్చెలో కలిపి ఆమె ముందు పెట్టేవాళ్ళు.

"ఈసారి దొరికిపోతావు క్రిసాంతా. ఇందులో ఒకటి గ్వాతెమాలా నుంచి తెప్పించాను," అన్నాడు ఒకసారి పక్కింటి లియాంద్రో మామ.

పిన్ని ఆ నత్తని బొటనవేలితో తడిమింది. "గ్వాతెమాలా లేదు, ఏమీ లేదు. ఇది మీ అత్తగారింటి వెనక కాలవది. ఆవిడకి లాగే దీనికీ నోరు పెద్దది."

అరుగంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా.

మేము హూతే అని పిలిచే ఈ నత్తలు వేలెడంత పొడుగుంటాయి, మొన తేలి, నల్లగా. ఊళ్ళో అందరికీ రెండు రకాలు తెలుసు. ఒకటి నున్నది, రెండోది ఒంటినిండా గంట్లున్నది. పిన్నికి ఏడు తెలుసు. జోరునీటి రాళ్ళకి కరుచుకునే గంట్లది వేరు, అదే వాగులో మడుగు పట్టిన చోట ఉండే గంట్లది వేరు. కాటుకది, బురదది, ముసలిది అని ఆమె పేర్లు. వాటన్నిట్లో ఆమె గొంతు తగ్గించి చెప్పే పేరు ఒకటే, పసుపుమొన. చివర గోరంత మేర పసుపు రాసినట్టుంటుంది. అది ఒక్క మడుగులోనే ఉండేది.

ఆ మడుగు మా అమ్మమ్మ పిన్నికి చెప్పింది. మా ఇళ్ళల్లో తల్లి చనిపోయేముందు ఒక్కో కూతురికి ఒక్కో నీరు చెబుతుంది. అక్క నీరు చెల్లెలికి తెలియకూడదు, చెల్లెలి నీరు అక్కకి తెలియకూడదు. మా అమ్మ ఎర్మెలిందా పెద్దది. ఆమెకి నల్లవాగు మలుపు వచ్చింది. నేను పుట్టిన ఏడే రోడ్డు వేసేవాళ్ళు అక్కడి గులకరాయంతా లారీలకెత్తుకుపోయారు. తరవాత ఆ మలుపులో నత్త పట్టలేదు. ఆ నీరు ఇక దాచేదేముందని అమ్మ తనే అందరికీ చెప్పేసింది.

పిన్నికి పదహారో ఏట పెళ్ళయింది, ఇరవై నిండకుండానే మొగుడు పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు. మళ్ళీ చేసుకోమని ఎంతమంది చెప్పినా, "నాకు వాగులున్నాయి," అనేది. నత్తలు ఏరి పుంటా గోర్డా సంతలో అమ్మేది. చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన గుల్లలు పోగేసి, కాల్చి, సున్నం చేసేది. సగం ఊరు ఆ గుల్లసున్నంతోనే మొక్కజొన్న ఉడకబెట్టుకునేది. తిన్నవాటి గుల్లలు మాత్రం ఆమె కాల్చేది కాదు. ఎవరూ కాల్చరు. తిన్న నత్త గుల్ల తన నీటికే తిరిగి పోవాలి. అది చూసి కొండసామి మళ్ళీ నత్తల్ని పంపుతాడు. కుక్కలకి పారేస్తే ఆ వాగు మూతబడుతుంది.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. చెల్లెలు పుట్టాక అమ్మ మంచం పట్టింది, నాన్న నారింజ తోటల పనికి ఉత్తరానికి పోయి నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా, ఉన్నాను. అమ్మ లేచి తిరగడం మొదలయ్యేసరికి నా ఈడు పిల్లలంతా పై తరగతులకి పోయారు. అప్పటినుంచి నేను పిన్ని వెనకే. నాకు నలుగురిలో మాట పెగలదు. ఆమె అది తప్పుగా చూడలేదు. "వాగులో మాట్లాడేవాళ్ళతో పనేముంది, చూసేవాళ్ళు కావాలి," అనేది. సాయంత్రం నత్తల పులుసు కాచినప్పుడు నా గిన్నెలోవి తనే మొన కొట్టి ఇచ్చేది. మొన కొడితేనే కదా జుర్రుకుంటే కండ వచ్చేది. పిన్ని కత్తి వెనకవైపుతో ఒక్క దెబ్బ వేసేది, మొన ఏటవాలుగా ఎగిరిపోయేది. మా అమ్మ అయితే నాన్న ముళ్ళకంచె పనికి కొనుక్కున్న కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించేది. దాంతో మొన గీత గీసినట్టు అడ్డంగా తెగేది. ఊరు మొత్తం మీద అలా కత్తిరించేది ఆమె ఒక్కతే. ఇంత చిన్న సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు తెలుస్తుంది.

పోయిన ఏడు ఎండాకాలంలో రాజధాని కాలేజీ నుంచి మిస్ ఆర్లీన్ వచ్చింది. ఏ నత్త ఏ నీటిలో ఉందో రాసుకుని పటం గీయడం ఆమె పని. ఊరి పెద్ద దోన్ ఎలియాసర్ ఆమెని పిన్ని దగ్గరికి తీసుకొచ్చాడు. ఇంగ్లీషు కాస్త వచ్చని చీటీలు రాయడానికి నన్ను పెట్టారు. ఒక్కో సంచీలో ఐదు నత్తలు, దాంతో ఒక చీటీ. చీటీ మీద వాగు పేరు, తేదీ, నీరు ఎంత లోతు. పెన్సిల్‌తోనే రాయాలి, తడిసినా పోకుండా. బడి మానేశాక నా చేతిరాత ఎవరికైనా పనికొచ్చింది అదే మొదటిసారి. రాత్రుళ్ళు ఆ అక్షరాలు తలుచుకుని నాలో నేనే నవ్వుకునేదాన్ని.

నాలుగో రోజు మిస్ సంచులన్నీ బల్ల మీద పరిచింది. పిన్ని పేర్లు చెబుతుంటే నేను మిస్‌కి చెప్పాను. ఆమె ఓపిగ్గా విని తలూపింది. తరవాత ఆరు కుప్పల్నీ రెండు చేసింది.

"ఏమంటుందే?" అంది పిన్ని.

"రెండే రకాలంట పిన్నీ. నున్నది, గంట్లది. మిగతా తేడాలు నీటిని బట్టి వచ్చేవంట. ఎండలో నువ్వు నల్లబడ్డట్టు."

"నేను పుట్టడమే నల్లగా పుట్టాను, చెప్పు ఆవిడకి." పిన్ని ఆ రెండు కుప్పల్నీ పక్కకి నెట్టింది. "పసుపుమొన చూస్తే అప్పుడు చెప్పమను."

అలా మాట జారింది. ఇరవై ఏళ్ళు దాచిన దాన్ని పౌరుషానికి బయటపెట్టింది.

మర్నాడు పొద్దున్నే మిస్ నిద్రలేవకముందే పిన్ని నన్నొక్కదాన్నే వెంటబెట్టుకుని బయల్దేరింది. ఎటు పోయామో రాయను. గుహనోటి దగ్గర ఆగి, పొం అనే చెట్టుబంక ధూపం వేసి, కొండసామిని అడిగి అప్పుడు నీళ్ళలో దిగింది. నీరు గాజులా ఉంది. అడుగున రాళ్ళ మీద వందలకొద్దీ పసుపు చుక్కలు. నాకు నోట మాట రాలేదు. ఎప్పుడూ రాదు కాని, ఆ రోజు సంగతి వేరు.

"చూశావా," అంది పిన్ని. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. "నా తరవాత ఇది నీదే."

ఐదు తీశాం. వచ్చేదారిలో నేను చీటీ బయటికి తీసి ఏం రాయాలని అడిగాను.

"నల్లవాగు అని రాయి."

"అబద్ధం కదా పిన్నీ."

"ఆవిడకి కావాల్సింది నత్త. నత్త ఇస్తున్నాం. రాయి."

నల్లవాగు అని రాశాను. అక్షరం ఒకటి కాస్త వంకర పోయింది.

మిస్ పసుపుమొనని అద్దం కింద పెట్టి చూసింది. చాలా బాగుందంది. కాని నున్న రకమే అంది, నీటిలో సున్నం ఎక్కువుంటే మొన అలా అవుతుందంది. ఫొటో తీసుకుంది. వారం తరవాత వెళ్ళిపోయింది. పిన్ని రెండు రోజులు వాగుకి పోలేదు. మూడోరోజు, "పాపం, చదువుకున్న మనిషి. ఆవిడ తప్పేముంది," అని నవ్వేసింది.

ఆ రోజు మడుగు నుంచి వచ్చాక నా పావడా అమ్మ ఉతికింది. ఎప్పుడూ నా బట్టలు నేనే ఉతుక్కుంటాను. "చీటీలు రాసి అలిసిపోయుంటావు, ఇటియ్యి," అంది. నాకు ఎంత సంతోషమేసిందో.

నెలన్నర గడిచింది. సంతరోజు పిన్నితో పాటు పుంటా గోర్డా పోయాను. చేపల వరస చివర ఒక బండి ఆగి ఉంది, దాని ముందు రెండు పెద్ద బేసిన్లు. పిన్ని వాటిని దాటి రెండడుగులు ముందుకెళ్ళి ఆగిపోయింది. వెనక్కి వచ్చి వంగి చూసింది. బేసిన్ల నిండా పసుపుమొనలు. పెద్దవే కాదు, మొక్కజొన్న గింజంత పిల్లలు కూడా.

"ఇవి ఎక్కడివి బాబూ?" పిన్ని గొంతు నాకే వినపడనంత చిన్నగా ఉంది.

"మీ కొండవే," అన్నాడు బండివాడు. "ఇంకా కావాలన్నా లేవమ్మా, ఊడ్చేశాం."

"ఎవరు చూపించారు?"

"మీ ఊరి ఆడమనిషే. పేరెందుకు నాకు? దారి చూపించింది, నత్తలున్నాయి, అంతే."

బస్సులో పిన్ని నా పక్కన కూర్చోలేదు. ఖాళీ ఉన్నా ముందుకెళ్ళి నిలబడింది. నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు.

ఆమె ఇంటికి పోకుండా నేరుగా మా ఇంటికొచ్చింది. అమ్మ పొయ్యి దగ్గర రొట్టెలు తడుతోంది.

"నీకు తప్ప ఎవరికీ చూపించలేదే నేను," అంది పిన్ని నాతో. "ఎవరికి చెప్పావు?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నోరు లేని పిల్ల అనుకున్నాను. రాసిచ్చావా? ఆ మిస్‌కి అసలు పేరు రాసిచ్చావా? ఆ బండివాడికి డబ్బు కోసం దారి చూపించావా? మాట్లాడవే!"

లేదు అనడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా గొంతు దాటి రాలేదు. నేను అమ్మ వంక చూశాను. అమ్మ నా తరఫున మాట్లాడుతుందని చూశాను. చిన్నప్పటినుంచీ అంగట్లో, బళ్ళో, గుళ్ళో నా బదులు మాట్లాడింది ఆవిడే.

అమ్మ వెనక్కి తిరగలేదు. చేతుల్లో రొట్టె తప్ తప్ మని తడుతూనే, "రాసేవాళ్ళని నమ్మితే ఇంతే చెల్లీ," అంది.

మూడు రోజులకి నేను ఒక్కదాన్నే మడుగుకి పోయాను. ఎందుకు పోయానో తెలియదు, ఒక్కటైనా మిగిలిందేమో చూద్దామని కావచ్చు. రాళ్ళన్నీ బోర్లించి ఉన్నాయి. నీటిలో ఒక్క చుక్క లేదు. గుహనోటి దగ్గర, మేము ధూపం వేసిన చోట పక్కనే, పిడికెడు ఖాళీ గుల్లలు పొందిగ్గా పేర్చి ఉన్నాయి. పసుపుమొనలే. మొనలు కత్తిరించి ఉన్నాయి.

ఏటవాలుగా కాదు. గీత గీసినట్టు అడ్డంగా.

ఒకటి తీసి వేలికొస మీద పెట్టుకుని చూశాను. మళ్ళీ చూశాను. తరవాత కూర్చుండిపోయాను. మడుగుని బండివాడికి అప్పగించిన మనిషి, తన వాటాగా తెచ్చుకుని తిన్న నాలుగు నత్తల గుల్లల్ని మాత్రం కుక్కలకి వేయలేకపోయింది. ఇంత కొండెక్కి వచ్చి వాటిని వాటి నీటికే ఒప్పజెప్పి పోయింది. కొండసామికి కోపం రాకుండా.

ఆ గుల్ల తీసుకెళ్ళి పిన్ని చేతిలో పెట్టాను. కళ్ళు మూసుకుని నత్త వాగు చెప్పే మనిషికి ఇదొక లెక్కా? తెగిన అంచు మీద ఆమె బొటనవేలు ఒకసారి పోయింది, ఒకసారి వచ్చింది. ఆగిపోయింది.

"ఎక్కడ దొరికింది?"

"గుహనోట్లో. పేర్చి ఉన్నాయి."

పిన్ని తలెత్తేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా చెంప మీద చేయి వేసింది. నా గుండె మీంచి బండరాయి దిగినట్టయింది. పిన్నికి తెలిసింది, ఇక చాలు, ఊరంతా ఏమన్నా చాలు అనుకున్నాను.

ఆదివారం సావడిలో దోన్ ఎలియాసర్ అందరినీ కూర్చోబెట్టాడు. పిల్ల నత్తల్ని తీయడం, పరాయివాళ్ళకి నీరు చూపించడం రెండూ మా ఊళ్ళో తప్పే. ఆడవాళ్ళ వరసలో నాకు ఒక పక్క అమ్మ, ఎదురుగా పిన్ని.

"క్రిసాంతా, నీ నీరు ఎవరికి తెలుసు?"

"నాకు, పెద్దయ్యా."

"ఇంకా?"

పిన్ని అమ్మ వంక చూసింది. అమ్మ ఒళ్ళో చెల్లెలి జుట్టు సవరిస్తోంది. పిన్ని చూపు అక్కణ్ణుంచి నా మీదికి వచ్చింది, నిలవకుండా దాటిపోయింది.

"పిల్లని ఒకసారి తీసుకెళ్ళాను. చీటీలు రాయడానికి. కాగితంలో పడితే ఎటు పోతుందో ఎవరికి తెలుసు."

"చిన్నపిల్ల, తెలియక చేసుంటుంది," అన్నాడు లియాంద్రో మామ జాలిగా.

"ఏమ్మా రొసెందా, చెప్పేదేమైనా ఉందా?" అని అడిగాడు పెద్దయ్య. అంతా నా వైపు తిరిగారు. అన్ని కళ్ళు ఒక్కసారి నా మీద పడడం నా జన్మలో అదే మొదలు. పెదాలు కదిపాను. అమ్మ మెల్లిగా నా చేయి నొక్కింది. ధైర్యం చెబుతున్నట్టే నొక్కింది, చూసేవాళ్ళకి.

నన్ను ఏడాదిపాటు ఏ వాగులోనూ నత్త ఏరొద్దన్నారు. బయటివాళ్ళకి ఇక ఏదీ రాసిపెట్టకూడదన్నారు.

ఇంటికొచ్చాక అమ్మని అడిగాను. ఇద్దరమే ఉన్నప్పుడు నాకు మాటలు వస్తాయి.

"నీకెలా తెలిసిందమ్మా ఆ చోటు? నేను చెప్పలేదు."

అమ్మ బుకాయించలేదు. "నువ్వు చెప్పలేదు. నీ పావడా చెప్పింది. మన చుట్టూ అంతా ఎర్రమన్ను. నీ అంచుకి తెల్లమన్ను అంటింది. చిన్నప్పుడు కుండలకి పూతమన్ను కోసం మా అమ్మతో అక్కడికి పోయేదాన్ని. వంద అడుగులు పైకి నడిస్తే మడుగుందని మాత్రం ఆవిడ నాకు చెప్పలేదు. నాకు చెప్పలేదు! పెద్దదాన్ని నేను. నాకు లారీలు ఎత్తుకుపోయే మలుపు, దానికి బంగారం."

"మరి నన్నెందుకు..."

"నువ్వు చిన్నదానివి. నీ మీద పడ్డ నింద ఎంతకాలం గుర్తుంటుంది? నా మీదైతే చచ్చేదాకా ఉంటుంది."

"గుల్లలు ఎందుకు తీసుకెళ్ళి పెట్టావు?"

అమ్మ నా వంక వింతగా చూసింది. ఆ మాటల్లో ఆమెకి అర్థం కానిది అదొక్కటే. "పెట్టకపోతే ఎలాగే?" అంది.

పిన్నిని అడగడానికి ఇంకో నెల పట్టింది. వాగు రేవులో బట్టలు ఉతుకుతూ దొరికింది. నేను అడగకముందే చెప్పింది, తల ఎత్తకుండా.

"నువ్వు రేపో మాపో పెళ్ళయి ఏ ఊరో పోతావు. నాకు మిగిలేది అక్క ఒక్కతే. నేను పడిపోతే నోట్లో నీళ్ళు పోసేది అదే. దాని పేరు సావడిలో ఎలా ఎత్తను?"

"నా పేరు ఎత్తావు కదా."

బట్ట పిండి, దులిపి, బండ మీద పరిచింది. ఆ సాయంత్రం ఒక గిన్నెలో నత్తల పులుసు పంపింది, తోటకూర వేసి. నావి విడిగా, మొన ఏటవాలుగా కొట్టి, చిన్నప్పుడు ఇచ్చినట్టే. అమ్మ, "తిను, చల్లారిపోతుంది," అంది. ఒకరు వండారు, ఒకరు వడ్డించారు. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి కూర్చుని కోకో గింజలు వలవడం నేను చూశాను.

తిన్నాను. గుల్లలు మాత్రం అమ్మకి ఇవ్వలేదు. నేనే తీసుకెళ్ళి వాటి వాగులో వేశాను.

ఈ ఏడు ఎండాకాలంలో మిస్ ఆర్లీన్ మళ్ళీ వచ్చింది. అచ్చయిన పటం తెచ్చింది. అందులో నల్లవాగు మలుపు దగ్గర ఒక చుక్క ఉంది. ఆ చుక్క పసుపుమొనది, పేరు మాత్రం నున్న రకమనే. పసుపుమొన ఎన్నడూ లేని చోట చుక్క ఉంది. ఉన్న చోట, ఊడ్చేసిన చోట, ఖాళీ కాగితం. ఆ పటం చూస్తే మా కొండలో ఏదీ పోలేదు.

"చీటీలు రాసిన ఆ అమ్మాయి ఏది? చాలా శుభ్రంగా రాసింది," అని అడిగిందట. దోన్ ఎలియాసర్ పంతులుగారి మేనకోడల్ని పంపాడు. నేను నల్లవాగు దిగువ రేవులో నిలబడి చూశాను. పిన్ని నడుముల్లోతు నీళ్ళలో నత్తలు తీసి ఇస్తోంది. ఆ పిల్ల సంచీ తెరిచి, "ఇది ఏ నీటిది అత్తా?" అంది.

పిన్ని నన్ను చూసింది. చూసి, "నల్లవాగు," అంది. ఆ ఒక్కసారికి అది నిజమే.

నా ఏడాది శిక్ష తీరిపోయింది. ఇప్పుడు నెలకోసారి కొండెక్కుతాను. మొన్న బోర్లించిన రాయి ఒకటి సరిగా తిప్పి పెడుతుంటే, దాని అడుగున మూడు కనిపించాయి, మొక్కజొన్న గింజంత. మొన ఇంకా తెల్లగానే ఉంది. పసుపు రావడానికి రెండేళ్ళు పడుతుంది. ముట్టుకోలేదు. పిన్నికి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు.

దిగివచ్చేముందు అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని పావడా అంచు ఉతుక్కుంటాను. తెల్లమన్ను మొత్తం పోయేదాకా ఉతికి, ఎండలో ఆరేదాకా కూర్చుని, అప్పుడు ఇంటికి పోతాను.